యెఫ్తా కూతురి ఎర్ర బుగ్గలు

మెహెలెన్, 3 జూన్ 1652

తమ్ముడు లీవెన్‌కి అక్క డిగ్నా ఆశీస్సులు.

మీ ఇంట్లో అందరూ కులాసా అని తలుస్తాను. నేనూ కులాసాయే అని రాయాలి కాబట్టి రాస్తున్నాను, నమ్మమని మాత్రం అడగను.

బెర్గా పోయి నిన్నటికి నెల. మళ్లీ పనిలోకి వెళ్తున్నాను. తోలు మీద వెండి రేకు అంటించే బల్ల దగ్గర ఇదివరకు అదే కూర్చునేది. రేకు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలి, లేకపోతే చిరుగుతుంది. పదమూడేళ్ల పిల్ల, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కటి చిరక్కుండా ఎత్తేది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను. నా నిట్టూర్పులకి సగం రేకులు పాడవుతున్నాయి. మా యజమాని మొహం పక్కకి తిప్పుకుని పోతాడు. తిట్టినా బాగుండును.

అసలు సంగతికి వస్తాను. నీ కబురు నాకు అందేసరికి శుక్రవారం. పడవ పట్టుకుని వచ్చేసరికి పెట్టెకి మేకులు కొట్టేశారు. జ్వరంతో పోయినవాళ్లని ఒక్క పూట కూడా ఉంచనివ్వరని చెప్పావు. సరే అన్నాను. చెక్కని పట్టుకుని ఏడ్చాను గానీ దాని మొహం చూడలేదు. ఆఖరుసారి చూసింది ఇక్కడి రేవులో, అది నీతో పడవ ఎక్కుతున్నప్పుడు. అప్పుడు కూడా దాని మెడకి రుమాలు బిగిస్తూ ముడి వంకే చూశాను. ఆ ముడి ఇప్పటికీ కళ్లకి కడుతుంది. మొహం కట్టడం లేదు, లీవెన్. రోజురోజుకీ చెరిగిపోతోంది.

నువ్వు దాన్ని తీసుకెళ్లింది మొహం గీయడానికే కదా. చిన్న చెక్కపలక మీద దాని తల వేశావని మరదలు మైకెన్ చెప్పింది. ఈ లోకంలో నా కూతురి రూపం మిగిలింది ఆ పలక మీదే. అది నాకు పంపు. బుధవారం పడవ నడిపే ముసలాయన చేతికిస్తే పదిలంగా తెస్తాడు. ఇంకేమీ అడగను.

నీ అక్క
డిగ్నా


ఆంట్వెర్ప్, 11 జూన్ 1652

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కుంచె పక్కన పెట్టేసి కిటికీ దగ్గర కూర్చున్నాను. మైకెన్ పంటినొప్పితో మంచం ఎక్కింది. లవంగం నూనె, ఉప్పునీళ్లు, పక్కింటావిడ మంత్రం అన్నీ అయ్యాయి. పన్ను పీకించుకోమంటే నా మీదికి లేస్తుంది. ఇల్లంతా మూలుగులే.

పలక విషయం. మా పని తీరు నీకు చెప్పాలా అక్కా, ఇద్దరం నాన్న కొట్టులో రంగులు నూరుతూనే పెరిగాం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి తల ఒక్కటీ పలక మీద వేసుకుంటాం, ఆ తల పలక చూస్తూ తర్వాత పెద్ద కాన్వాసు మీదికి ఎక్కిస్తాం. విలుకాళ్ల సంఘం వాళ్లు తమ సమావేశపు గదికి నా చేత వేయించుకుంటున్న పటం ఇంకా సగంలోనే ఉంది. ఆగస్టులో మేరీమాత పండుగకి తెర తీయాలి. బెర్గా ఉండే చోటు ఖాళీగా అలాగే ఉంది. పలక ఇప్పుడు పంపేస్తే ఆ చోట ఎవర్ని పెట్టను? ఆగస్టు దాటగానే నా చేత్తోనే గుడ్డలో చుట్టి పంపిస్తాను, ఒట్టు.

ఆ రోజులు ఎలా గడిచాయో నువ్వు అడగలేదు. అడగకపోయినా చెప్పాలి. వచ్చిన వారంలోనే ఐదు రోజులు కూర్చుంది. దాంతో నా పని అయిపోయింది. ఆ తర్వాత అంతా ఆటే. మా పిల్లల్ని వెంటేసుకుని కోట గోడ మీద తిరిగింది. మైకెన్ చేసిన అట్లు ఒక్కర్తే ఏడు తింది. "మామయ్యా, అమ్మ దగ్గర మూడుకి మించి అడిగితే గరిటె చూపిస్తుంది" అని నవ్వింది. అలా ఆడుతూ పాడుతూ ఉన్న పిల్లకి మే ఒకటిన, బుధవారం పొద్దున జ్వరం తగిలింది. వెంటనే వైద్యుణ్ని పిలిపించాను. గురువారం తెల్లవారేసరికి అయిపోయింది. దేవుడు అంత తొందరగా పిలిస్తే మనిషి ఏం చెయ్యగలడు?

నిబ్బరంగా ఉండు.

నీ తమ్ముడు
లీవెన్


మెహెలెన్, 22 జూన్ 1652

లీవెన్‌కి,

మైకెన్ పన్ను పీకించు. మంత్రాలతో ఊడిన పన్ను నేనింతవరకూ చూడలేదు.

మొన్న ఇక్కడ సంత జరిగింది. మీ ఊరి నుంచి పటాల వర్తకుడొకడు వచ్చి, తల పలకలు వరసగా గోడకి చేరవేసి అమ్మాడు. కొట్లలో వాడుక అయిపోయిన తలలు. ముసలాళ్ల తలలకి జపమాల తగిలించి సన్యాసులు అంటున్నాడు, ఆడపిల్లల తలలకి పాగా చుట్టి తురకపిల్లలు అంటున్నాడు. నేను ఒంటి మీద పని బట్టలతోనే వెళ్లి ఒక్కో పలకా ఎత్తి చూశాను. ముందు చూసి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందు చూసి. ఒక పాగా పిల్ల దగ్గర ఆగిపోయాను. ముక్కు అచ్చం దానిదే. వెలుతురులోకి తెచ్చి చూస్తే కాదు. వర్తకుడు నవ్వి, "ఏం తల్లీ, ఎవరైనా బాకీదారుని వెతుకుతున్నావా?" అన్నాడు. "నా కూతుర్ని వెతుకుతున్నాను" అన్నాను. వాడు మరో పలక తీసి నా చేతికిచ్చాడు.

నువ్వు అలా చేస్తావని నేను అనడం లేదు. కానీ నాన్న పోయిన ఏడాది ఆయన తల పలకలన్నీ ఏమయ్యాయో నేనెప్పుడూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు. అమ్మ తల మేరీమాత తల్లి పునీత అన్నా రూపంలో ఎవరో పచారీ వాడి గోడ మీద ఉందని ఊళ్లో ఎవరో చెబితే తెలిసింది. అందుకే భయం.

ఒట్లు వద్దు. మూడు మాటలకి జవాబివ్వు. పలక నీ దగ్గరే ఉందా? ఆ పటంలో నా పిల్లని ఎవరిగా వేస్తున్నావు? ఐదు రోజులు కూర్చోబెట్టి ఆ సంగతి దానికైనా చెప్పావా?

డిగ్నా


ఆంట్వెర్ప్, 30 జూన్ 1652

అక్కా,

సంతలో అందరి ముందూ నన్ను అక్క కూతురి మొహం అమ్ముకునేవాడిగా నిలబెట్టావన్నమాట. మంచిది. పలక నా పని గదిలోనే మేకుకి వేలాడుతోంది. రోజూ పొద్దున లేవగానే దాన్ని చూసి శిలువ గుర్తు వేసుకుంటున్నాను. అమ్మ పలక అమ్మింది కూడా నాన్న వైద్యానికే, అప్పుడు నువ్వు పెళ్లి చేసుకుని మెహెలెన్‌లో హాయిగా ఉన్నావు.

బెర్గా ఎవరంటావా? బైబిలు కథలో యెఫ్తా కూతురు. పటానికి నడిబొడ్డున ఉన్నది అదే. తండ్రి యుద్ధం గెలిచి గుర్రం మీద వస్తున్నాడు, అది కంజీర వాయిస్తూ ఇంట్లోంచి పరిగెత్తుకొస్తోంది. ఎడమ నుంచి ఎండ సూటిగా దాని మొహం మీద పడుతుంది, చుట్టూ తక్కినదంతా చీకటి. యెఫ్తాకి సంఘం కెప్టెన్ మొహం పెట్టాను, వెనక సైనికులకి సంఘ సభ్యుల మొహాలు. పధ్నాలుగు మంది విలుకాళ్లు, పధ్నాలుగు మందికీ తామే ముందుండాలి. రొట్టెల వ్యాపారి ముక్కు తగ్గించమంటాడు, తాళాల వాడు మీసం పెంచమంటాడు. కెప్టెన్ నిన్న వచ్చి ఇవేవీ చూడలేదు. బెర్గా దగ్గరే నిలబడి, "ఈ బుగ్గల రంగు ఎక్కణ్నించి పట్టావయ్యా? ఇప్పుడే పరిగెత్తుకొచ్చినట్టు ఉందే, ఒళ్లు వేడిగా తగుల్తోంది!" అన్నాడు. ఇరవయ్యేళ్లుగా వేస్తున్నాను, ఇలాంటి మాట ఎవరి నోటా వినలేదు. నీకూ సంతోషం కలుగుతుందనుకున్నాను.

ఇంకొక్క మాట. అనకూడదనే ఉన్నాను, నువ్వే అనిపిస్తున్నావు. పిల్లని నేను లాక్కుపోలేదు. "వార్నిష్ వాసనకి దగ్గుతోంది, నాలుగు రోజులు గాలి మారుతుంది, తీసుకెళ్లు" అని రాసింది నువ్వు. పంపింది నువ్వు. ఇది మరిచిపోకు.

లీవెన్


మెహెలెన్, 12 జూలై 1652

లీవెన్‌కి,

ఉత్తరం మొదట చించేశాను. తర్వాత ముక్కలు ఏరి బల్ల మీద పేర్చి మళ్లీ చదివాను. పంపింది నేనే. మరిచిపోలేదు. మరిచిపోయే రోజు వస్తే నువ్వు గుర్తు చెయ్యనక్కర్లేకుండా ఆ రోజే నన్ను పూడ్చండి.

యెఫ్తా కథ మీ కెప్టెన్‌కి ఆఖరి దాకా తెలుసా? గుర్రం మీద దర్జాగా కూర్చున్నాడు గనక అడుగుతున్నాను. దేవుడా, యుద్ధం గెలిపిస్తే ఇంటికి తిరిగొచ్చినప్పుడు మొదట ఎదురొచ్చిన ప్రాణాన్ని నీకే బలి ఇస్తానని మొక్కుకున్నాడు ఆ మహానుభావుడు. ఇంట్లోంచి మొదట మేక వస్తుందనుకున్నాడో, పనివాడు వస్తాడనుకున్నాడో. కూతురు వచ్చింది. అప్పుడు వాడన్న మాట ఏమిటో తెలుసా? పాదిరిగారిని మళ్లీ అడిగి రూఢి చేసుకున్నాను. "అయ్యో తల్లీ, నన్నెంత కుంగదీశావు, నువ్వే నా పాలిట ఆపదవయ్యావు" అన్నాడట. మొక్కుకున్నది తాను, గొంతు తెగేది పిల్లది, తప్పేమో ఎదురొచ్చినందుకు పిల్లది! నీ ఉత్తరం ఆఖరి నాలుగు వరసలూ చదివాక నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

అయినా పటం చూడాలి. చూడకుండా ఉండలేను. కెప్టెన్‌కి వేడిగా తగిలిన బుగ్గలు కన్నతల్లికి ఎలా తగులుతాయో చూస్తాను. పండుగ ముందు రోజు వస్తాను. మైకెన్‌కి శ్రమ వద్దు, వంటింట్లో చాప చాలు. అందరి ముందూ రాద్ధాంతం చేస్తానని బెంగపడకు, నోరు విప్పను.

డిగ్నా


ఆంట్వెర్ప్, 18 ఆగస్టు 1652

నా బంగారు అక్కకి,

చెప్పకుండా మొదటి పడవకే వెళ్లిపోయావు. మైకెన్ నీకోసం వేడివేడిగా రొట్టె కాల్చింది, ఎవరూ తినలేదు. అయినా నాకు కోపం లేదు. ఎన్నో నెలల తర్వాత నా గుండె తేలికపడింది, అదీ నీ వల్లే.

తెర తీసినప్పుడు నేను పటం చూడలేదు, నిన్నే చూస్తున్నాను. అందరూ చప్పట్లు కొడుతుంటే నువ్వు రెండు చేతులతో నోరు మూసుకుని అలాగే నిలబడిపోయావు. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. కెప్టెన్ భార్య నన్ను గిల్లి, "తల్లిని ఏడిపించాడంటే వాడే చిత్రకారుడు" అంది. నువ్వు దాని దగ్గరికి వెళ్లి నుదురుకి వేళ్లు ఆనించబోయావు, కావలివాడు వద్దన్నాడు. అప్పుడు నేనూ ఏడ్చాను. అక్క నన్ను క్షమించింది అనుకున్నాను. పలక కూడా అడగలేదు నువ్వు. పటం చూశాక ఇక పలకతో పనేముందనిపించిందేమో, అదీ నిజమే. మరో రెండు సంఘాల వాళ్లు నాతో మాట్లాడాలని కబురు పెట్టారు. ఇదంతా బెర్గా పుణ్యమే అక్కా.

ఒక్క ముక్క రాయి, నీ మనసు కుదుటపడిందని.

నీ తమ్ముడు
లీవెన్


మెహెలెన్, 24 ఆగస్టు 1652

లీవెన్,

నుదురు ముట్టుకోబోయింది ముద్దుతో కాదు. జ్వరం చూద్దామని. చెయ్యి దానంతట అదే లేచింది.

ఐదో ఏట నుంచీ దానికి ప్రతి వసంతంలో జ్వరం వచ్చేది. ఎనిమిది వసంతాలు పక్కన కూర్చున్నదాన్ని. పరిగెత్తుకొచ్చిన పిల్లకి బుగ్గంతా ఎర్రబడుతుంది, చెవుల దాకా. జ్వరం వచ్చిన బెర్గాకి చెంప ఎముకల కింద రెండు ఎర్ర బిళ్లలు మాత్రం కట్టి, చుట్టూ తెల్లగా పాలిపోతుంది. కింది పెదవి మధ్యలో పొర లేస్తుంది. కుడి రెప్ప ఎడమదానికంటే కాస్త వాలుతుంది. కళ్లు మెరుస్తాయి, నీళ్లు నిండినట్టు, ఏదో చూసి సంబరపడుతున్నట్టు. మీ కెప్టెన్‌కి ఉత్సాహంలా కనిపించింది అదే. మీ గదిలో రెండు వందల మంది చప్పట్లు కొట్టారు. నా బిడ్డ అందరి మధ్యా జ్వరంతో మండిపోతూ కంజీర పట్టుకుని నిలబడి ఉంది, పడుకోబెట్టమని ఒక్కరూ అనలేదు. నేను నోరు మూసుకున్నది అరవకుండా ఉండటానికి. మాట ఇచ్చాను కదా.

మర్నాడు పొద్దున మీరెవరూ లేవకముందు నీ పని గదిలోకి వెళ్లాను. మేకు మీంచి పలక తీసి కిటికీ దగ్గర చూశాను. గోరుతో కూడా తడిమి చూశాను. వచ్చిన వారంలో ఐదు రోజులు కూర్చుంది, అంతటితో అయిపోయింది అని రాశావు. నన్నెవరనుకున్నావు? నాన్న కొట్టులో నీకంటే ముందు తన్నులు తిన్నదాన్ని. చర్మం రంగు వేశాక పది పన్నెండు రోజులు ఆరనివ్వాలి. ఆరితేనే పైన పల్చటి ఎర్ర పూత. తడి మీద వేస్తే బురద అవుతుందని నా వేళ్ల కణుపుల మీద కర్రతో రాసి మరీ నేర్పాడు ఆయన. నీ పలక మీద ఎరుపు బురద కాలేదు. గాజు పెట్టినట్టు పైన నిలబడి ఉంది. అంటే మొదటి వారం వేసింది కాదు. పిల్ల లేనప్పుడు ఊహించి వేశానని చెప్పబోకు. ఎదురుగా కూర్చోబెట్టకపోతే పిల్లిని కూడా వెయ్యలేవని నాన్న నిన్ను జీవితమంతా ఎగతాళి చేశాడు. ఆ పెదవి మీద పొర, ఆ వాలిన రెప్ప నువ్వు ఊహించలేవు. చూసి వేశావు.

రేవులో నీకు చెప్పాను. పడవ కదులుతుంటే ఒడ్డు వెంట పరిగెడుతూ మరీ చెప్పాను. "బుగ్గల మీద బిళ్లలు కట్టాయంటే వెంటనే పడుకోబెట్టు, నీళ్లు బాగా పట్టు, వైద్యుడి కోసం ఆగొద్దు" అని. చెయ్యి ఊపావు.

పలక అప్పుడే కొంగులో దాచుకుని తెచ్చుకోగలిగేదాన్ని. తేలేదు. నువ్వు నిజం చెప్పి ఇవ్వాలి.

ఒకటే అడుగుతున్నాను. రెండోసారి ఏ రోజు కూర్చోబెట్టావు?

బెర్గా తల్లి


ఆంట్వెర్ప్, 9 సెప్టెంబరు 1652

అక్కా,

సోమవారం. మంగళవారం కూడా.

ఈ రెండు మాటలూ రాయడానికి రెండు వారాలు పట్టింది. మైకెన్‌కి చదివి వినిపించాను, లేచి వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

నువ్వు రేవులో చెప్పింది గుర్తుంది. గుర్తు లేదని రాద్దామనుకున్నాను, ఒక కాగితం మీద రాశాను కూడా. గుర్తుంది.

సోమవారం మధ్యాహ్నం అది ఆడుకుంటూ వచ్చి తలుపులో నిలబడింది. ఎండ మొహం మీద పడింది. నెల రోజులుగా ఆ ఎరుపు కోసం తిప్పలు పడుతున్నాను, రోజుకో రంగు నూరి పారేస్తున్నాను. అది నా గుమ్మంలో నిలబడి ఉంది. "రా, కూర్చో" అన్నాను. "మామయ్యా, తల తిరుగుతోంది" అంది. "కూర్చుంటే అదే తగ్గుతుంది" అన్నాను. అక్కా, ఆ పిల్ల అంత కుదురుగా ఎప్పుడూ కూర్చోలేదు. మంగళవారం తనంతట తాను రాలేదు, నేనే లేపి తెచ్చాను. దాహమంది. పెదవుల మీద పూత వేస్తున్నాను, తడిస్తే మెరుపు మారిపోతుంది. "ఇంకాస్సేపు తల్లీ, ఈ వెలుతురు పోనీ" అన్నాను. "సరే మామయ్యా" అంది. మళ్లీ అడగలేదు. వెలుతురు పోయాక ఇచ్చాను, తాగలేకపోయింది. వైద్యుణ్ని పిలిచింది బుధవారం. అంతే. ఇంతకు మించి ఒక్క అక్షరం దాచలేదు.

గది వేడిగా ఉందనుకున్నాను. పిల్లలకి వచ్చే జ్వరాలే కదా అనుకున్నాను. ఒక్క రోజులో ఏమవుతుంది అనుకున్నాను. ఇవన్నీ నిజంగానే అనుకున్నాను, కానీ వాటి కింద ఇంకోటి ఉంది, రేపటికి ఈ రంగు ఉండదు అని. నువ్వు చెప్పింది నిజమే, నాకు ఎదురుగా ఉంటే తప్ప వెయ్యడం రాదు.

పెద్ద పటం వెనక్కి అడిగాను. కెప్టెన్ నవ్వాడు. "మా గోడకి మేకు దిగాక అది మాదే, నీకు పిచ్చి పట్టిందా" అన్నాడు. ఆ గదిలోకి నేనిక వెళ్లను. కొత్త సంఘాల వాళ్లని పంపించేశాను. నువ్వు ఏ శిక్ష వేసినా సరే. పాదిరిగారి ముందు ఒప్పుకోమంటావా, ఒప్పుకుంటాను. అక్కడికొచ్చి నీ కాళ్ల మీద పడమంటావా, వస్తాను.

పలక ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. ఒక్క వారం మళ్లీ నా దగ్గరికి పంపావంటే ఆ బిళ్లలు తీసేసి, వచ్చిన వారంలో ఎలా ఉందో అలా బుగ్గలు వేసిస్తాను. అది మాత్రం చెయ్యనీ.

లీవెన్


మెహెలెన్, 14 అక్టోబరు 1652

లీవెన్‌కి,

పలక చేరింది. గుడ్డ తడవలేదు, మూలలు విరగలేదు. ముసలాయన ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

మంచానికి ఎదురుగా గోడకి పెట్టాను. నెల రోజులు చూశాను. పొద్దున లేస్తే జ్వరంతో ఉన్న పిల్ల, పని నుంచి వస్తే జ్వరంతో ఉన్న పిల్ల. రొట్టె తినబోతే అదే చూపు. రెండు సార్లు గ్లాసుతో నీళ్లు తీసుకుని గోడ దాకా వెళ్లాను. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు, చదవడానికి నీకు ఉండాలి. ఎవరైనా చూస్తే డిగ్నాకి మతి పోయిందనేవారు. గోడ వైపు తిప్పి పెడదామనుకుంటాను, చెయ్యి రాదు. నాకున్నది ఆ ఒక్క మొహమే.

మొన్న ఆదివారం ఒక ఆలోచన వచ్చింది. నీకిస్తే బుగ్గలు మళ్లీ వేసిస్తానన్నావు. వెయ్యడం ఎందుకు? అడుగున ఉన్నాయి కదా! వచ్చిన వారం నువ్వు వేసిన చర్మం ఆరి, గట్టిపడి, ఆ ఎర్ర పూత కింద అలాగే ఉండాలి. తోలు మీద వార్నిష్ తుడిచే టర్పెంటైన్ ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. మెత్తటి గుడ్డ వేలికి చుట్టి కుడి బుగ్గ మీద చిన్నగా రుద్దాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత గుడ్డకి ఎరుపు అంటింది.

వచ్చేసింది, లీవెన్. బిళ్ల మొత్తం గుడ్డలోకి వచ్చేసింది. కింద నా బెర్గా బుగ్గ. గాలికి కాస్త కమిలిన, నునుపైన బుగ్గ. ముక్కు పక్కన మూడు మచ్చలు, నువ్వు ఎరుపుతో కప్పేశావు, ఉన్నాయనే మరిచిపోయాను. గట్టిగా ఏడ్చేశాను. గోడవతల నుంచి పొరుగావిడ, "ఏమైంది డిగ్నా, పడ్డావా?" అని కేకేసింది. "లేదు, జ్వరం తగ్గింది" అన్నాను.

ఎడమ బుగ్గ తుడిచాను. రెప్ప తుడిచాను, కింద కన్ను నిండుగా తెరిచి ఉంది. నీ చెయ్యి మంచిదే, అది నేనెప్పుడూ కాదనలేదు. ఆ ఎండిన పెదవి ఒక్కటీ మిగిలింది. దాన్నీ తుడిచాను. పొర పోయింది, ఎరుపు పోయింది, పెదవే పోయింది. కింద ఏమీ లేదు. ఉత్త బూడిదరంగు చెక్క.

మొదట ఎక్కువ రుద్దేశానేమో అనుకున్నాను. దీపం తెచ్చి చూశాను. కాదు. మొదటి వారం నువ్వు నోరు వెయ్యనే లేదు. ఎలా వేస్తావు? అది ఒక్క క్షణం నోరు మూస్తే కదా. అట్ల గురించో, కోట గోడ గురించో, నా గరిటె గురించో వాగుతూనే ఉండి ఉంటుంది. తర్వాత వేద్దాంలే అని వదిలేసి ఉంటావు. అది మాట్లాడకుండా కూర్చునే రోజు కోసం ఆగావు. ఆ రోజు వచ్చింది, వేశావు.

ఇప్పుడు గోడ మీద పిల్లకి జ్వరం లేదు. మచ్చలున్నాయి, కళ్లున్నాయి. నోటి చోట చెక్క ఉంది. ఈ ఉత్తరం చదవగానే రంగుల పెట్టె సర్దుకుని పడవ ఎక్కాలనిపిస్తుంది నీకు. రావద్దు. పాదిరి దగ్గరికి వెళ్తావో, కాళ్లు పడతావో నీ ఇష్టం, నా కాళ్లు మాత్రం వద్దు. శిక్ష వెయ్యమన్నావు. పిల్ల నీళ్లడిగిన నోరు అది. దాన్ని నువ్వు మళ్లీ వెయ్యకూడదు.

డిగ్నా